నాలుగో భాగంలోని తలుపు

తెల్లటి దూది ఎగురుతోంది.

పోప్లార్ చెట్ల దూది. జూన్ నెల దూది. అల్మాటీ నగరం వీధుల నిండా, కిటికీ గట్టు నిండా, ఆఖరికి మరాల్ చేతిలోని టీ గిన్నెలో కూడా.

వేలితో తీసి పారేస్తూ నవ్వుకుంది మరాల్. పెళ్ళయి నెల. పాలు పొంగినా నవ్వే. చెప్పు తెగినా నవ్వే.

ఒళ్ళోని అంతరిక్ష నవలలో ఇంకో పేజీ తిప్పింది.

నవ్వు ఆగింది.

పాత కథలోని మంచు చంద్రుడు పోయి ఇసుక చంద్రుడు వచ్చాడు. కెప్టెన్ పేరు వేరు. నౌక పేరు వేరు. కానీ ఆకాశంలో దిక్కులేక తిరిగే ఆ పాడుబడ్డ నౌక... మూసిన ఆ తలుపు... లోపలి నుంచి ఎవరో తట్టే ఆ చప్పుడు...

ఇది ఆ నవలల వరసలో పన్నెండో భాగం.

తలుపు మాత్రం నాలుగో భాగంలోది.

దీని కోసమా ఇన్నాళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఎదురు చూసింది!

"అత్తయ్యా, చూడండి ఈ మోసం! మనుషులు వాళ్ళే. పేర్లే కొత్తవి."

అత్తగారు పిండి పిసుకుతూ తల కూడా ఎత్తలేదు. "పాపం, ఆ రాసినాయన ఏ ఇంటికో కొత్తగా కోడలై ఉంటాడే. మన ఆచారంలో కోడలు అత్తింటివాళ్ళ పేర్లు ఎత్తకూడదుగా మరి! నువ్వు మా చిన్నాణ్ణి, నీ మరిదిని, ఉడుతా అని పిలవట్లేదూ?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

నవ్వు చివర ఒక ముల్లు మిగిలింది.

నిన్ననే ఈ పుస్తకం ముగించాడు ఆమె భర్త సాంజర్. "ఇలాంటి కథ ఇంతకుముందు రాలేదు మరాల్" అన్నాడు. కళ్ళు మెరుస్తుండగా అన్నాడు.

ఇంతకుముందు రాలేదా?

మరి ఆ రోజు బస్సులో, ఆమె చేతిలో నాలుగో భాగం చూసి, "అది నాకు కంఠతా వచ్చు" అన్నది ఎవరు? ఆ ఒక్క మాటకే కదా ఆమె దిగాల్సిన చోట దిగలేదు. ఆ ఒక్క మాట మీదే కదా ఈ ఇల్లు, ఈ టీ గిన్నె, ఈ నవ్వు...

నాలుగో భాగం నిజంగా చదివినవాడైతే పోల్చుకోడా?

కిటికీ బయట దూది. మంచులా ఉంది.

మంచు కాదు.

సాయంత్రం సాంజర్ వచ్చాడు. చేతిలో చెర్రీల పొట్లం. మరాల్ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"నాలుగో భాగంలో తలుపు వెనక ఎవరు?"

"బూట్లన్నా విప్పనీ తల్లీ!"

"ముందు చెప్పు."

"కెప్టెనే. ముసలివాడైపోయిన అదే కెప్టెన్. తన తలుపు తనే తట్టుకుంటూ..."

సరిగ్గా చెప్పాడు.

ఆమె గుండె ఎగిరింది. ఎగిరినంత వేగంగా కింద పడింది.

పన్నెండో భాగంలోనూ తలుపు వెనక ముసలి కెప్టెనే కదా! నిన్న చదివి ఇవాళ చెప్పొచ్చు. కథను దొంగిలించింది చాలక, ఆమె పరీక్షను కూడా దొంగిలించింది ఆ పుస్తకం.

మారినవి పేర్లొక్కటే.

"అయితే... నాలుగో భాగం కెప్టెన్ పేరేమిటి?"

సాంజర్ ఒక చెర్రీ నోట్లో వేసుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. మరీ నెమ్మదిగా.

"ఈ ఇంట్లో నువ్వు ఎవరి పేరూ ఎత్తవు. నేను మాత్రం ఎందుకు ఎత్తాలట?"

వంటింట్లోంచి అత్తగారి నవ్వు. మరాల్‌కీ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే అతని కళ్ళలోకి చూసింది. నవ్వుతూనే నిజం వెతికింది.

తెరిచిన తలుపులోంచి తెల్లటి దూది వచ్చి అతని రెప్ప మీద వాలింది.

ఆమె ఊదలేదు.

అతను రెప్ప వేయలేదు...