గూట్లోంచి అందిన వాక్యం

ఇటలీలోని పార్మాలో ఒకనాటి ఒపేరా గాయని బెనెదెత్తా జీవితాన్ని ఓర్నెల్లా పన్నెండేళ్లుగా వేదికపై ఒక్కతే ప్రదర్శిస్తోంది. బెనెదెత్తా రాసిన చివరి ఉత్తరం చదివేటప్పుడు ప్రతిసారీ ఒక వాక్యం మరిచిపోయేది. వేదిక అంచున చిన్న గూట్లో కూర్చుని, ఎన్నియో అనే ఆమె భర్త దాన్ని మెల్లగా అందించేవాడు. ఆయన పోయాక ఇదే మొదటి ప్రదర్శన.

ఆ వాక్యం దగ్గర ఆమె ఆగిపోయింది.

"ఏమ్మా, కునుకు పట్టిందా?" పై గ్యాలరీలోంచి ఒకడు అరిచాడు.

"నోర్ముయ్‌రా, నటిస్తోంది!" అన్నాడు పక్కవాడు.

ఆమె చెవి గూటివైపే ఉంది. చాలాసేపటికి వాక్యం దానంతటదే వచ్చింది: "కిటికీ వేయకండి, చలి నాకు అలవాటే."

హాలంతా చప్పట్లు కొట్టింది.

తెర పడ్డాక మేనేజరు పరుగున వచ్చాడు. "ఓర్నెల్లా గారూ, ఏం మౌనమండీ అది! రేపు కూడా అంతసేపే ఆగండి."

"రేపు ఆగలేనయ్యా," అంది ఓర్నెల్లా.

ఆ వాక్యాన్ని తాను ఇక మరిచిపోనని ఆమెకు తెలిసిపోయింది.