జులై నాలుగున ఏడో పేరు

నల్లగొండ పానగల్ రోడ్డులో మా పూర్వ విద్యార్థులు నడిపే పఠనమందిరం గోడకు ఒక నల్లబల్ల ఉంది. ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి ప్రతి ఉదయం దాని మీద, ఆ తేదీన కన్నుమూసిన మహనీయుల పేర్లు రాస్తున్నాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వాటిని నోటుపుస్తకాల్లో ఎక్కించుకుంటారు. జయంతులు ఎందుకు రాయరని కొందరు అడుగుతారు. నేను చదువుకున్న కాన్వెంటులో మా సిస్టర్లు రోజూ ఆనాటి క్రైస్తవ పునీతుల పేర్లు చదివి పాఠం మొదలుపెట్టేవారు. పునీతుల పండుగ చాలావరకు వారు మరణించిన రోజే. పుట్టడంలో ఎవరి గొప్పతనమూ లేదు. మనిషి ఏమిటన్నది చివరి రోజుకు గాని తేలదు.

రెండు వేల ఇరవై మూడు జూన్ ఇరవై తొమ్మిదిన తొలి ఏకాదశి, బక్రీదు ఒకే రోజు పడ్డాయి. నేను బల్ల మీద రాయడం ముగించేసరికి, గ్రూప్-టూకు చదువుతున్న భాగ్యశ్రీ వెనక నిలబడి ఉంది.

"టీచరమ్మా, ఇయ్యాల మా అవ్వ పేరు గూడ రాస్తరా? ఈదమ్మ. తొలేకాశి నాడే పోయింది, ఆరేండ్లాయె."

"నాకు తిథి కాదు, తేదీ కావాలి. తిథి ఏటా వేరే తేదీకి జరుగుతుంది. ఈ బల్ల తేదీల మీద నడుస్తుంది."

"మేమైతే ఎప్పుడైనా తొలేకాశికే దండం పెడతం."

"మీ ఇంట్లో పెట్టుకోండి. ఇక్కడ కాగితం చూపించాలి."

మరునాడు ఆమె మరణ ధ్రువపత్రం తెచ్చింది. అందులో జులై పది అని ఉంది. ఆ సంవత్సరం తొలి ఏకాదశి జులై పదిన రాలేదని నాకు తెలుసు.

"మా బాపు పంచాయతీల చెప్పనీకి వోయింది పదో తారీకు. సారు అదే రాసిండు," అంది.

"కాగితం ఒకటి చెబుతోంది, నువ్వొకటి చెబుతున్నావు. రుజువు లేనిది నేను రాయను."

ఆ పిల్ల తల దించుకుంటుందనుకున్నాను. దించుకోలేదు.

"ఏటా జులైల అమెరికా జెఫర్సన్ పేరు రాస్తరు గద, ఆయన ఇంటికి వోయి రుజువు అడిగిన్రా టీచరమ్మా?"

"అది పుస్తకంలో ఉంది."

"మా అవ్వ మీద పుస్తకం ఎవలు రాస్తరు?"

నలభై ఏళ్లు తరగతి గదిలో నేను ప్రశ్నలు అడిగాను. ఆనాడు ప్రశ్న ఆ పిల్ల అడిగింది. కుర్చీ చూపించి, మీ అవ్వ ఏం చేసిందో చెప్పమన్నాను.

ముప్పై ఏళ్ల కిందటి మాట. వాళ్ల ఊళ్లో చేతిపంపుల నీళ్లను పరీక్షించారు. ఎముకలను వంచే ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న పంపులకు, తాగొద్దన్న గుర్తుగా ఎర్ర రంగు వేయాలి. ఆ రంగు వేసే కూలిపనికి ఈదమ్మ కుదిరింది. మొట్టమొదట రంగు వేసింది తమ వాడలోని పంపుకే. బడి పంపు నీళ్లూ పరీక్షలో తప్పాయి. కానీ దాన్ని ఊరి పెద్ద తన తండ్రి పేరిట వేయించాడు, దిమ్మె మీద ఆ పేరు చెక్కి ఉంది. ఆ పంపును వదిలేయమని ఈదమ్మకు చెప్పారు. ఆమె సరేనని, మధ్యాహ్నం పిల్లలు అన్నానికి వచ్చే వేళ, అందరూ చూస్తుండగా దానికీ ఎర్ర రంగు పూసింది. ఊరి పెద్ద వచ్చి గద్దిస్తే, "నీళ్లను నేను చెడగొట్టలే అయ్యా, కనవడేటట్టు చేసిన," అందట.

రెండేళ్లు ఆమెను ఎవరూ నాట్లకు పిలవలేదు. బడి పిల్లలు మాత్రం ఆ పంపు ముట్టలేదు. వాళ్లలో చాలామంది ఇవాళ నిటారుగా నడుస్తున్నారు. ఈదమ్మ నడుము కొడవలిలా వంగిపోయింది.

రుజువు నేనే వెతకాలని నిర్ణయించుకున్నాను. మందిరంలోని పాత పత్రికల కట్టలు విప్పితే, రెండు వేల పదిహేడులో తొలి ఏకాదశి జులై నాలుగు, మంగళవారం అని తేలింది. ఒక్క సాక్ష్యంతో నాకు తృప్తి లేదు. ఆనాడు పాడె మోసినవారిలో షరీఫ్ కూడా ఉన్నాడని భాగ్యశ్రీ చెప్పింది. పైపులు, రంగులు అమ్మే ముసలాయన. తారీకు సంగతి ఎత్తకుండా, ఈదమ్మ ఎప్పుడు పోయిందని మాత్రం అడిగాను.

"మంగళారం, టీచరమ్మా. జీఎస్టీ వచ్చిన నాలుగోనాడు. కొత్త బిల్లులు సమజ్‌గాక తలకాయ పట్టుకోని కూసున్న. ఫోనొచ్చింది. షట్టర్ గుంజి వోయిన."

"బడి పంపుకు వేసిన రంగు..."

"నా దుకాణందే! సర్కారు డబ్బా ఒడిసిపోయిందని ఉరికొచ్చింది. గింత చిక్కటి ఎరుపు ఎందుకమ్మా అంటే, పోరగాండ్లకు దూరంకెళ్లి కనవడాలె అన్నది. అసొంటి మనిషిని మళ్ల సూడలే."

జీఎస్టీ వచ్చింది జులై ఒకటిన. సాక్ష్యాలు రెండూ ఒకే తేదీ దగ్గర కలిశాయి. మిగిలింది మందిరం కార్యదర్శి రామచంద్రయ్య.

"పంపుకు రంగేసిన కూలామెను వివేకానందస్వామి సరసన రాస్తరా టీచర్? పోరలు పరీక్షల గదే రాసి మార్కులు పోగొట్టుకుంటరు. కావాల్నంటే కింద ఒక గీత కొట్టి 'స్థానికులు' అని పెట్టున్రి."

"తెలంగాణ రైతాంగ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య కూడా అదే రోజు ప్రాణం విడిచాడు. ఆయన ఊరు కడవెండి మన పాత నల్లగొండ జిల్లాలోదే. ఆయన్ను గీతకు పైన రాయమంటారా, కింద రాయమంటారా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీతోని వాదించినోడు బాగుపడ్డడా," అని లోపలికి వెళ్లిపోయాడు.

జులై నాలుగున సంవత్సరాల వరుసలో రాశాను. జెఫర్సన్, ఆడమ్స్: అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన నాడు, ఒకరి వెంట ఒకరు. వివేకానందుడు. మేరీ క్యూరీ. కొమరయ్య. జెండాకు రూపమిచ్చిన పింగళి వెంకయ్య. ఏడో వరుసలో, అవే అక్షరాల పరిమాణంలో: ఈదమ్మ, 2017. పక్కన ఏం రాయాలో భాగ్యశ్రీని చెప్పమన్నాను. ఆమె, "బడి పిల్లలు తాగొద్దని పంపుకు ఎర్ర రంగు వేసింది. గంతే టీచరమ్మా," అంది. అంతే రాశాను.

ఎనిమిదింటికి భాగ్యశ్రీ తండ్రి పరశురాం పనికి పోతూ సైకిలు ఆపాడు. కింది నుంచి కాకుండా పై నుంచి, వేలు పెట్టి, ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ చదివాడు. నాలుగో పేరు దగ్గర ఆగాడు.

"గీమె ఎవలు టీచరమ్మా?"

"రేడియం కనిపెట్టిన మహాతల్లి. దాన్ని ఏళ్ల తరబడి చేతులతో పట్టి పనిచేసింది. చివరకు ఆ కిరణాలే ఆమె ప్రాణం తీశాయి."

"అది పానం తీస్తదని ఆమెకు ఎరికేనా?"

"పూర్తిగా తెలియదు."

పరశురాం చివరి వరుస దాకా వచ్చి, తల్లి పేరు మీద వేలు ఆనించకుండా, గాలిలోనే నిలిపాడు.

"మా అమ్మకు ఎరికె," అన్నాడు. "మా వాడ పంపుకు ఎరుపేసిన నాడే నాకు చెప్పింది. ఇంకో నీళ్లు లేకుండె. నన్ను మేనమామ ఊరికి తోలి, తను ఆ నీళ్లే తాగింది."

నేను సుద్దముక్క అందుకుని, ఆమె పేరు పక్కన ఆ మాట కూడా చేర్చాను.