ఇంటికి చెప్పని అమ్మకం

చెప్పండి, ఆ రోజు మీరేం చూశారు? మేడ మీంచి చూశారో, కిటికీ దగ్గర టీ తాగుతూ చూశారో, చూడడం మాత్రం చూశారు. వ్యాను వచ్చి ఆగింది. బీరువా దిగింది, మంచం దిగింది, పరుపు చుట్ట దిగింది, గోడ గడియారాలు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుని దిగాయి. కండక్టరు యూనిఫాంలో ఉన్న ఒకావిడ తాళం తీసి తలుపు తోసింది. కదల్లేదు. మొగుడు భుజం పెట్టి తోశాడు. కదల్లేదు. వ్యాను డ్రైవరు కూడా ఒక చెయ్యి వేసి, అరచెయ్యి నొప్పెట్టి, తిట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. అప్పుడు మీలోనే ఎవరో అడిగారు చూడండి, "ఇంటికి చెప్పలేదా ఏంటండీ?" అని. అడిగి, కిటికీ రెక్క దగ్గరికి లాక్కున్నారు. సామాను వీధిలో ఉంది, వాన పట్టేలా ఉంది, మీకు మాత్రం లోపల పనులున్నాయి.

ఇంటికి చెప్పలేదు. జరిగింది అదే.

ఆవిణ్ని అందరూ కండక్టరమ్మ అంటారు. బస్సెక్కితే డ్యూటీ దిగేదాకా ఆవిడ కాళ్ళకి విశ్రాంతి లేదు. బస్సులో అందరికీ సీటు చూపిస్తుంది, తను మాత్రం కడ్డీకి ఆనుకుని నిలబడుతుంది. మొగుడు వాచీలు బాగుచేస్తాడు. కంటికి గాజుబిళ్ళ తగిలించుకుని చీమ కాలంత స్క్రూ తిప్పగలడు గానీ, కాలికి తగిలిన బిందె మాత్రం ఆయనకి కనపడదని ఆవిడ ఫిర్యాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళే. ఏ ఇంటివాళ్ళూ గోడకి మేకు కొట్టనిచ్చేవాళ్ళు కాదు. అందుకని ఆయన గోడ గడియారాలన్నీ నేల మీద గోడవారగా ఆనించి పెట్టుకునేవాడు. టైము చూడాలంటే వంగి చూడాలి. "సొంతిల్లు కొంటే తలెత్తి టైము చూస్తానండీ," అనేది కండక్టరమ్మ. ఆవిడ కోరిక అంతే.

అమ్మకానికి వచ్చిన ఇల్లు లైన్‌మన్ గారిది. రెండు గదులు, వంటిల్లు, వెనక సామాన్లు పడేసుకునే ఒక చిన్న కొట్టు. ఊరంతటికీ కరెంటు స్తంభాలెక్కి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. ఒక అక్క ఉంది, పక్క జిల్లాలో. ఇద్దరూ దేనికో మాటలు మానేసి సగం జీవితం గడిపేశారు. ఈ ఏడాది ఆవిడే ఫోన్ చేసింది. "నాకు ఒంట్లో బావుండట్లేదురా, వచ్చెయ్," అంది. అంతే, ఈయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు.

ఆ ఊళ్ళో ఇల్లు చేతులు మారాలంటే లాయరమ్మ దగ్గరికి వెళ్ళడం అలవాటు. జిరాక్సు షాపు మెట్ల కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, అదే ఆవిడ ఆఫీసు. సంతకాలకి ముందు అమ్మేవాళ్ళనీ కొనేవాళ్ళనీ వెంటబెట్టుకుని ఇంటికి వస్తుంది. దస్తావేజు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదువుతుంది. ముందు గదిలో, వెనక గదిలో, వంటింట్లో, ఆఖరికి బాత్రూములో కూడా. ఇల్లు విన్నాక ఏదో ఒక తలుపు దానంతటది తెరుచుకుంటుంది. అప్పుడు ఆటో ఎక్కి సంతకాలకి వెళతారు. అద్దెకుండేవాళ్ళకి ఈ పని లేదు. అద్దెవాళ్ళని ఇళ్ళు పట్టించుకోవు.

"బాత్రూముకి కూడా చదివి వినిపిస్తుందట!" అన్నాడు మొగుడు. "దానికీ ఫీజేనా?"

"దానికి వేరే తీసుకోదటండీ. అన్నిటికీ కలిపే."

"ఆవిడ ఆయాసానికి ఒక పేజీ అయ్యేసరికి నువ్వు రిటైరవుతావ్. మా ఓనరుగారి అల్లుడు ఫోను లాయరు చేత చేయించుకున్నాడు. మనిషి మొహం కూడా చూడక్కర్లేదు. అన్నీ ఫోన్లోనే."

"మొహం చూడకుండా తీసుకోడానికి ఇదేమన్నా లాటరీ టిక్కెట్టా?"

"ఖర్చు కలిసొస్తుందే, ఏం చెప్పను నీకు! త్వరగా కూడా అయిపోతుంది."

"మరి ఇంటికి చెప్పడం?"

"అడక్కుండా ఉంటానా? నోటీసు పంపిస్తారట. తలుపుకి అంటిస్తే చాలట."

కండక్టరమ్మకి మనసు ఒప్పలేదు. కానీ ఆ రోజు డబుల్ డ్యూటీ చేసి వచ్చింది, పాదాలు వాచిపోయి ఉన్నాయి, వాదించడానికి ఓపిక లేదు. "సరే, మీ ఇష్టం," అంది. లైన్‌మన్ గారు కూడా ఒకసారి అడిగాడు, "లాయరమ్మ రాదా?" అని. అవతల అక్క ఫోన్ మీద ఫోన్. ఆయనా ఊరుకున్నాడు. అలిసిపోయినవాళ్ళూ తొందరలో ఉన్నవాళ్ళూ కలిసి ఒక కాగితం మీద సంతకం పెడితే దాన్ని పట్టుకుని ఏడవాల్సింది ఎవరు? వాళ్ళే. ఫోను లాయరు కాదు.

నోటీసు వచ్చింది. తలుపుకి అంటించారు. ఆ తలుపే తెరుచుకోలేదు.

వాచీలాయన బస్టాండుకి పరిగెత్తాడు. లైన్‌మన్ గారు పెట్టెతో సహా బస్సు మెట్టు మీద ఉన్నాడు. చెయ్యి పట్టుకుని దింపి తీసుకొచ్చాడు. ఆయన వేలు తగిలిందో లేదో, తలుపు తెరుచుకుంది. లోపల లైటు వెలిగింది. వంటింట్లో కుళాయి నుంచి నీళ్ళు దూకాయి. ఆయన బయటికొచ్చి తలుపు మూసి, "ఇప్పుడు నువ్వు తియ్యమ్మా," అన్నాడు. కండక్టరమ్మ తోసింది. గోడని తోసినట్టే ఉంది.

మర్నాడు ఆవిడ డ్యూటీ దిగి తిన్నగా జిరాక్సు షాపుకి వెళ్ళింది. లాయరమ్మ చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నోటీసు అంటించారా? ఇంటికి చదువు రాదమ్మాయ్. దానికున్నవి చెవులే."

"ఇప్పుడు మీరొచ్చి చదవండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నా కాళ్ళు పట్టుకుంటే నాకు నొప్పులు తప్ప నీకేం రాదు. ముందు చెబితే వింటుంది. అంతా అయిపోయాక చెబితే మొండికేస్తుంది. నీకు చెప్పకుండా నిన్ను ఎవరికో రాసిచ్చేస్తే నువ్వు మాత్రం వింటావా?"

"మరి దారే లేదా?"

"ఒకటుంది. ఆయన పేరున మళ్ళీ రాసిచ్చెయ్. ఈసారి ఇంటికి చెప్పి, మళ్ళీ కొనుక్కో."

తలుపు సంగతి దాచి అడిగితే, అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు నవ్వారు. అప్పు తీరకుండా ఇల్లు వెనక్కి రాయడం కుదరదన్నారు. అప్పు తీర్చడానికి డబ్బే ఉంటే అప్పెందుకు చేస్తారన్న సంగతి మాత్రం వాళ్ళకి తట్టలేదు. ఫోను లాయరుకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తింది. "మేడమ్, మీ ఫైలు క్లోజయింది. మా సర్వీసు ఎలా ఉందో చెప్పగలరా?" అంది. కండక్టరమ్మ చెప్పింది. అది ఇక్కడ రాయదగ్గ భాష కాదు.

రెండోసారి వెళ్ళినప్పుడు లాయరమ్మ ఇంకో మాట చెప్పింది. "మొండికేసిన ఇల్లు దానంతటది దిగిరావాలి. ఎప్పుడొస్తుందో, దేనికొస్తుందో నాకూ తెలీదు. అలా దిగొచ్చిన ఇళ్ళు నేను చూశాను. దాంతో సంతోషపడ్డ మనిషిని మాత్రం చూళ్ళేదు."

చేసేదేముంది? లైన్‌మన్ గారు పెట్టె తీసుకెళ్ళి వెనక కొట్టులో పెట్టుకున్నాడు. "నాలుగు రోజులుంటానమ్మా. అలవాటు పడుతుందిలే," అన్నాడు. రోజులు వారాలయ్యాయి. పొద్దున ఆవిడ డ్యూటీకి బయల్దేరే ముందు ఆయన లేచి కుళాయి మీద చెయ్యి వేసేవాడు. సాయంత్రం వాళ్ళొచ్చే వేళకి గుమ్మంలో నిలబడేవాడు. కూరల కోసం బజారుకెళ్ళినా పరుగున వచ్చేవాడు. వాచీలాయన గోడకి మేకు కొట్టబోతే మేకు వంగిపోయింది. ఇంకోటి తీస్తే అదీ వంగింది. లైన్‌మన్ గారు సుత్తి తీసుకుని కొట్టాడు, దిగింది. దాని మీద వాచీలాయన గడియారం తగిలిస్తే ఎగిరి కింద పడింది.

"మనింట్లో మనం పేయింగ్ గెస్టులమే," అన్నాడు వాచీలాయన, ముక్కలు ఏరుకుంటూ.

"పేయింగే. గెస్టులం కూడా కాదు," అంది ఆవిడ.

లైన్‌మన్ గారు తల దించుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. నేను దానికి ఒక్క మాట చెప్పి పోవాల్సింది."

"మీదేం తప్పు బాబాయ్? మీరు లేకపోతే మాకు స్నానాలే లేవు."

నవ్వులాటకి అన్న మాటే. కానీ ఆయన్ని బాబాయ్ అని పిలవడం ఆ రోజు నుంచే మొదలైంది.

అక్క ఫోన్లు ఆగలేదు. మొదట్లో తిట్టేది. "ఇల్లు అమ్మానన్నావ్, ఆ ఇంట్లోనే కూర్చున్నావ్. నాటకాలా?" అనేది. తర్వాత తర్వాత గొంతు సన్నబడింది. ఒక మధ్యాహ్నం ఆవిడ కాదు, ఆవిడ పక్కింటి మనిషి చేసింది. "మాట తడబడుతోందండీ. మీ పేరే అంటోంది. ఇవాళ బయల్దేరితే చూడగలరేమో," అంది.

లైన్‌మన్ గారు కొట్టులోకి వెళ్ళి చొక్కా మార్చుకున్నాడు. పెట్టె తీసుకోలేదు. గుమ్మం దాకా వచ్చాడు. కండక్టరమ్మ వంటింట్లో ఉంది. మర్నాడు బ్యాంకాయన ఇల్లు తనిఖీకి వస్తున్నాడు. కొన్నవాళ్ళ చేతికి తెరుచుకోని ఇల్లని తెలిస్తే అప్పు మొత్తం ఒక్కసారే కట్టమంటారు. కట్టకపోతే ఇల్లు వేలానికి పోతుంది. ఈ సంగతి ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెళ్ళమనాలి. నోటి దాకా వచ్చింది కూడా. బస్సులో నిలబడ్డ ఏళ్ళన్నీ, నేల మీది గడియారాలన్నీ ఆ మాటకి అడ్డం పడ్డాయి.

"బాబాయ్, రేపు వెళుదురుగాని. బ్యాంకాయన వచ్చి వెళ్ళగానే నేనే మిమ్మల్ని బస్సెక్కిస్తా. ఒక్క పూట."

ఆయన గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. "అలాగేనమ్మా," అన్నాడు. వెళ్ళి చొక్కా విప్పుకున్నాడు.

ఏ తిట్టు తిట్టాలన్నా ఇక్కడ తిట్టండి. కానీ ఆవిణ్ని తిట్టే ముందు, మీ ఇంటి తాళం ఒకసారి చేత్తో పట్టుకుని చూసుకోండి.

మర్నాడు బ్యాంకాయన వచ్చాడు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. కుళాయి పారుతోంది. "ఈయనెవరు?" అని అడిగాడు. "మా బాబాయ్," అంది కండక్టరమ్మ. గోడలు తట్టి చూశాడు, టీ తాగాడు, బావుందన్నాడు. ఆయన ఇంకా గుమ్మం దిగకుండానే ఫోన్ మోగింది.

లైన్‌మన్ గారు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని చాలాసేపు విన్నాడు. అవతలివాళ్ళు పెట్టేశాక కూడా వింటూనే ఉన్నాడు. తర్వాత ముందు గదిలో నేల మీద కూర్చున్నాడు. "తెల్లవారుజామున పోయిందటమ్మా," అన్నాడు. ఆయన ఏడవలేదు. ఏడిస్తే ఆవిడకి ఎంత తేలికయ్యేదో.

కండక్టరమ్మ ఆయన ఎదురుగా కూలబడింది. "నేనే ఆపాను బాబాయ్. మీరు వెళతానన్నారు. నేనే ఆపాను. నా ఇంటి కోసం ఆపాను. నా ఇల్లు పోతుందని ఆపాను." అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. గది చిన్నది. ప్రతి గోడకీ వినపడింది.

లైన్‌మన్ గారు లేచి బస్టాండుకి వెళ్ళిపోయాడు. ఆవిడ వెంట రాబోతే వద్దని చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం కండక్టరమ్మ రెండో పూట డ్యూటీ దిగి వచ్చేసరికి మొగుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బాబాయ్ లేడు కాబట్టి ఇవాళ బయటే పడక అనుకున్నాడాయన. పక్కింట్లో బిందెడు నీళ్ళు కూడా అడిగి తెచ్చిపెట్టాడు. ఆవిడ సంచీ దించడానికి ఒక చెయ్యి తలుపుకి ఆనించింది. తలుపు తెరుచుకుంది. లోపల లైటు వెలిగింది. వంటింట్లో కుళాయి నుంచి నీళ్ళు దూకాయి.

"ఒసే! తెరుచుకుందే!" అంటూ మొగుడు లేచాడు. ఆయన గబగబా మేకులు తీసుకొచ్చి గడియారాలన్నీ గోడకి ఎక్కించాడు. ఒక్కటి కూడా పడలేదు. "తలెత్తి చూడవే, టైమెంతయిందో," అన్నాడు. ఆవిడ తలెత్తలేదు.

అంత్యక్రియలు ముగించుకుని, అక్క ఇల్లు అద్దెదే కాబట్టి అక్కడ ఉండడానికి లేక, కొన్నాళ్ళకి లైన్‌మన్ గారు తిరిగొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎవరూ లేరు, మీరు కూడా. అలవాటు కొద్దీ తలుపు మీద చెయ్యి వేశాడు. కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. వెనక్కి జరిగి, ఇల్లు తప్పానా అన్నట్టు పైకీ కిందికీ చూశాడు. ఆ తలుపు ఆయన ఎన్నడూ తట్టి ఎరగడు. వేలి కణుపుతో మెల్లిగా ఒకసారి తట్టాడు.

లోపల కండక్టరమ్మ గడియ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆయన బట్టల పెట్టె ఇంకా వెనక కొట్టులోనే ఉంది. తీస్తే ఆయన లోపలికొస్తాడు. ఏమీ అనడు. కొట్టులో ఓ మూల ఉంటానమ్మా అంటాడు, ఆవిడ వచ్చే వేళ కోసం అరుగు మీద ఎదురుచూస్తాడు, రోజూ ఇలాగే తడతాడు. మళ్ళీ తట్టాడు.

ఆ గడియ మీద ఉన్నది మీ చెయ్యే అయితే, తలుపు తీసి ఆయన మొహం వంక ఎలా చూస్తారు?