మేడమీదాయన పచ్చబొట్టు

తమిళనాడు గుడియాత్తం బజారులో లుంగీల అంగడి నడిపే లోకనాథ్‌కు ఎదుటివాడి పాత సంగతులు తవ్వకపోతే తిన్నది అరగదు. అలాంటివాడి మేడమీద గదిలోకి దేవా అని ఒకాయన అద్దెకు దిగాడు. యాభై ఏళ్ళ మనిషి, పెళ్ళీ పెటాకులూ లేవు, అగ్నినక్షత్రం ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పడు. ఇంకేం!

"యాడనో ఖూనీ చేసొచ్చినోడప్పా," అని లోకనాథ్ బజారంతా చాటాడు. "శుక్రవారం లోపల వాడి గుట్టు రట్టు చేయకపోతే నా మీసం తీసేస్తా!"

"ఆయన జోలి మనకెందుకండీ?" అన్నది భార్య వినోదిని ఒక్కతే. ఆడదానికేం తెలుసని కసిరి కొట్టాడు.

ఒక పొద్దున దేవా కొళాయి దగ్గర చొక్కా చేతులు పైకి మడిచి ముఖం కడుగుతుంటే ముంజేతి మీద పచ్చబొట్టు కనిపించింది. తెలుగు అక్షరాలు! లోకనాథ్ చాటునుంచి ఫోన్‌లో ఫోటో తీశాడు. తీశాడు సరే, చదివేదెవరు? తెలుగులో తిట్టుకుని తెలుగులో బేరాలాడే ఆ బజారులో అందరూ చదివింది అరవమే. ఏదో దొంగల ముఠా పేరై ఉంటుందని ఫోటో బజారులో అందరికీ చూపించి, సంబరపడుతూ వేలూరు బస్సెక్కాడు. అక్కడ ఆస్పత్రులకొచ్చే ఆంధ్రావాళ్ళ లాడ్జీల వీధిలో మదనపల్లి పెద్దాయన ఒకరు దొరికారు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, "వినోదిని, పలమనేరు," అని చదివాడు. "ఎవురో ఆడబిడ్డ పేరు నాయనా. నీకు తెలిసినామేనా?"

తెలియకేం! పలమనేరు బడిలో తెలుగు చదువుకున్న పెళ్ళాం ఇంట్లోనే ఉండగా, ఈ మహానుభావుడు చదివించుకోవడానికి వేలూరు దాకా వచ్చాడు. పలమనేరులో వినోదినులు గంపెడుమంది ఉంటారని తిరుగు బస్సులో లత్తేరి ఊరి దాకా తనకు తానే చెప్పుకున్నాడు. లత్తేరి దాటాక ఆ మాట తనే నమ్మలేకపోయాడు.

బజారంతా అంగడి ముందు కాచుకునుంది. "ఏం రాసుండాదప్పా? సొల్లు, చెప్పప్పా!" అన్నాడు టీకొట్టు అంజప్ప.

లోకనాథ్ తేలు కుట్టిన దొంగలా నిలబడి, "వాళ్ళ... వాళ్ళమ్మ పేరు," అన్నాడు.

"అయ్యో పాపం! కన్నతల్లి పేరు ఒంటిమీద రాసుకున్నోడినా నువ్వు ఖూనీకోరన్నావు?" అంజప్ప కళ్ళు తుడుచుకున్నాడు. "అట్లాంటోడ్ని ఇల్లు ఖాళీ చేయిస్తే మేమూరుకోమప్పా!"

అందరూ ఔనంటే ఔనన్నారు. లోకనాథ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

ఇంట్లో వినోదిని కాఫీ అందిస్తూ, "మేడమీదాయన తల్లి పేరు కనుక్కోనొచ్చినారంట గదా. ఏం పేరండీ?" అంది.

"పేరు... సరిగ్గా చదవనీకి రాలేదంట."

వినోదిని చెయ్యి చాపింది. "ఆ ఫోన్ ఇట్లియ్యండి. నేను చదివి చెప్తా."