మూడోసారి పంపిన ఫొటో

ఫొటో స్టూడియో యజమాని భార్య నలభై ఏడో ఏట సాయంకాలం కాలేజీలో ప్రోగ్రామింగ్ కోర్సులో చేరింది. అప్పటినుంచి ఇంట్లో ఆవిడ పేరు స్టూడెంటు. కూతురైతే ఇంకో మెట్టెక్కి, "హోంవర్కు అయిందా అమ్మా? అయితేనే టీవీ" అనేది.

కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌ను ఆవిడ ముప్ఫై రోజుల ట్రయల్ మీద వాడుతోంది. ఆ గడువు ఈ సాయంత్రం ఆరింటితో సరి. రేపు పదింటికి మాస్టారి ముందు ప్రాజెక్టు నడిపి చూపించాలి. స్టూడియోకి వచ్చేవాళ్ళకు టైము కేటాయించే ప్రోగ్రాం అది. విద్యార్థులకు ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే. కాలేజీ గుర్తింపు కార్డు ఫొటో ఆ కంపెనీకి పంపాలి. మూడుసార్లు తిప్పికొడితే మాత్రం నెల ఆగాలి. రెండుసార్లు తిప్పికొట్టారు.

ఆ రెండు ఫొటోలూ తీసింది భర్తే. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. ఇంట్లో నేనుండగా నువ్వు ఫోనుతో తీయడమా, నామర్దా!" అని కార్డును స్టాండుకు తగిలించి, రెండు పక్కలా లైట్లు పెట్టి తీశాడు. జవాబు రెండుసార్లూ ఒకటే: కార్డు ఈ ఏడాది చెల్లుతుందన్న ఆధారం కనబడలేదు.

"వెలుతురు చాల్లేదంటావా?" అన్నాడు ఆయన.

"ఇంకో లైటు పెట్టావంటే కార్డుకి వడదెబ్బ తగుల్తుంది నాన్నా" అంది కూతురు.

నాలుగున్నరకు స్టూడెంటు కార్డును స్క్రీను పక్కన పెట్టి పోల్చి చూసింది. కార్డు మీద మూలగా ఊదారంగు ముద్ర ఉంది. అందులో ఈ ఏడాది తేదీ ఉంది. స్క్రీను మీది కార్డు తోమిన పళ్ళెంలా ఉంది.

"ఏమండీ, ఇక్కడుండాల్సిన ముద్ర ఏది?"

"ముద్రా? సిరా మరకనుకున్నాను. ఫొటోలో తుడిచేశా."

"రెండుసార్లూనా?"

"రెండోసారి ఇంకాస్త శ్రద్ధగా."

కూతురు నవ్వలేక కడుపు పట్టుకుని కుర్చీలో కూలబడింది.

"మరి నా చెంప మీది పుట్టుమచ్చ?"

ఆయన లైటు వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

"కళ్ళ కింద చారలు?"

"ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ ఉంచమని అడగలేదోయ్!"

స్టూడెంటు కార్డును వంటింటి కిటికీ గట్టు మీద పెట్టి ఫోనుతో ఫొటో తీసింది. ఒక మూల ఆవిడ బొటనవేలు పడింది. కార్డు మీద కిటికీ చువ్వ నీడ పడింది. ముద్రలో తేదీ కనబడింది.

"ఆ నీడొక్కటీ తీసేస్తాను, ఇలా ఇవ్వు" అని చెయ్యి చాచాడు భర్త.

"ముట్టుకున్నారంటే ఊరుకోను."

ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆవిడ ఫొటో పంపింది.

అయిదూ ఇరవైకి జవాబొచ్చింది. సాఫ్ట్‌వేర్ ఏడాదిపాటు ఉచితం.

"ఆ ఫొటోకా!" అన్నాడు ఆయన. పాసైనందుకు సంతోషించాలో, ఆ ఫొటో పాసైనందుకు ఏడవాలో తెలియక బట్టతల నిమురుకున్నాడు.

ఆవిడ అప్పటికే ప్రాజెక్టు తెరిచింది. పనిచేస్తోందో లేదో చూడటానికి ఒక బుకింగ్ కావాలి. భర్త పేరు కొట్టింది. రేపు సాయంత్రం నాలుగింటికి టైము దొరికింది. కింద ఫొటోగ్రాఫరుకు సూచనలు రాసే గడి ఉంది. అందులో ఇలా కొట్టింది: "బట్టతల ఉన్నది ఉన్నట్టు రావాలి. జుట్టు మొలిపించరాదు."