అడుగు చెక్క కింద నీళ్ళు

"ఒక్క గిన్నె కడిగితే పడవంతా తడిపేస్తుంది," అన్నాడు మా ఆయన, మెట్ల మీంచి వంగి చూస్తూ. పైన ఆయన స్నేహితుడు, స్నేహితుడి భార్య, మా అత్తగారు కాఫీ తాగుతున్నారు. నన్నేమన్నా నలుగురికీ వినబడేలా అనడం ఆయనకి అలవాటు. అందరూ నవ్వారు. నేను వంట మూలలో మోకాళ్ళ మీద కూర్చుని, నేల చెక్క ఒకటి పైకెత్తి, అడుగున చేరిన నీళ్ళని మగ్గుతో తోడి బకెట్లో పోస్తున్నాను. ఆ ఉదయం నేనింకా గిన్నెలు కడగనేలేదు.

ఈ తెరచాప పడవ ఆయన కల. ఉద్యోగం మానేసి, ఇల్లు అద్దెకిచ్చి, "మనం దీవులన్నీ చుట్టేద్దాం" అన్నప్పుడు ఆ 'మనం'లో నా వంతు ఏమిటని అడగాలని తోచలేదు. ఇల్లు వదిలేస్తున్నాం కదా, ఇంటిపని కూడా వదులుతుందనుకున్నాను, వెర్రిదాన్ని. ఇంటిపని నాకంటే ముందే పడవెక్కి కూర్చుంది. పైగా ఇల్లయితే ఊగదు. ఇక్కడ పొయ్యి ఊగుతుంది, గిన్నె ఊగుతుంది, ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో గోడ పట్టుకుని వండాలి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ "ఏం అదృష్టమమ్మా నీది, రోజూ సముద్రమే" అంటారు. నాకు కనబడే సముద్రం గిన్నెల తొట్టి పక్కనున్న కిటికీ అంత, అంటే పళ్ళెమంత. ఆయన్ని అందరూ కెప్టెన్ అని పిలుస్తారు. నా గురించి ఎవరైనా అడిగితే "కిందుంది" అంటారు.

వీళ్ళు రాకముందు, పక్క దీవిలో లంగరు వేయడానికి వస్తుంటే పడవ దేనికో గీసుకుంది. చప్పుడు నా చెవుల కంటే ముందు అరికాళ్ళకి తెలిసింది. చేతిలో ఉల్లిపాయ అలాగే పట్టుకుని పైకి పరిగెత్తాను. ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది. నన్ను చూడగానే సర్దుకున్నాడు. "ఇసుక. ఏం కాలేదు. నువ్వు కింద నుంచి కాఫీ కావాలా అని అరవకపోతే అది కూడా తగిలేది కాదు." ఇసుక అలా అరవదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసని ఆ మొహమే చెప్పింది.

మర్నాటి నుంచి నీళ్ళు. మొదట గుడ్డతో తుడిస్తే పోయేవి. తర్వాత మగ్గు కావలసొచ్చింది, ఆ తర్వాత బకెట్టు. అడుగున చేరిన నీళ్ళని తనంతట తనే తోడేసే మోటారు ఒకటుంది, అది గుర్రుమంటూ ఉండేది. అత్తగారు పడవెక్కిన రోజే "ఏమిట్రా ఆ మూలుగు?" అని అడిగారు. ఆయన వెళ్ళి స్విచ్చి కట్టేశాడు. బ్యాటరీ వృథా అట. అప్పట్నించి మోటారు పని కూడా నాకే వచ్చింది. కొత్త పని వచ్చి పడ్డప్పుడు ఎవరూ నాకు చెప్పరు, పాతవాళ్ళు మానేశారని నేనే గ్రహించాలి.

నిన్న వేలు ముంచి ఉప్పు చూశాను. ఉప్పు చూడటం నాకు కొత్తేం కాదు కదా, పెళ్ళైనప్పట్నించీ అదే పని. గిన్నెలు కడిగేది ట్యాంకులోని మంచినీళ్ళతో. ఇవి నోట పెట్టలేనంత ఉప్పగా ఉన్నాయి. చిన్న గిన్నెలో పట్టి ఆయనకి చూపించాను.

"ఇవి సముద్రం నీళ్ళండీ. మీరే చూడండి ఒకసారి."

"ఆ మురికి నన్ను తాగమంటావా? అయినా ఉప్పు గురించి నువ్వే చెప్పాలి. రాత్రి పప్పు నోట్లో పెట్టుకోలేకపోయాం."

పైన మళ్ళీ నవ్వులు. అత్తగారితో చెప్పాను. "వాడికి తెలీదా? ఆరేళ్ళకే ఈత నేర్చుకున్నాడు," అన్నారు. స్నేహితుడి భార్యతో చెబితే కాసేపు భయపడింది గానీ, "కెప్టెన్ ఉన్నాడుగా," అని సన్‌గ్లాసులు పెట్టుకుంది.

ఇవాళ పొద్దుగూకే వేళకి లంగరు ఎత్తాలని ఆయన ప్లాను. దూరపు దీవికి రాత్రంతా ప్రయాణం, ఎటు చూసినా ఒడ్డు ఉండదు. రెండు రోజులు ఆగి, ఒడ్డున ఎవరికైనా చూపిద్దామన్నాను. "భయమేస్తే కళ్ళు మూసుకుని పడుకో," అన్నాడు. పడుకుంటే నీళ్ళెవరు తోడతారు? అలల్లో అందరికీ వాంతులవుతుంటే, చీకట్లో ఒక చేత్తో చెక్క ఎత్తి ఇంకో చేత్తో మగ్గు పట్టి ఎంతసేపు ఓపిక ఉంటుంది నాకు? నేను ఓడిపోతే ఐదుగురం పోతాం. భయమేసింది. ఆ భయం మీద కోపం వచ్చింది. ఆ కోపంలోనే, బకెట్టు కిటికీలోంచి పారబోస్తుంటే, నాకో సంగతి తట్టింది. వీళ్ళెవరికీ నీళ్ళు కనబడకపోవడానికి కారణం నేనే. నడుం విరిగేలా తుడిచి, పిండి, ఆరబెట్టి, నేల అద్దంలా ఉంచుతున్నాను. కాళ్ళు తడవని వాళ్ళకి నీళ్ళున్నాయని ఎలా తెలుస్తుంది?

భోజనాలయ్యాక గిన్నెలు కడిగాను. చెక్క దాని చోట బిగించాను. మగ్గు మేకుకి తగిలించాను. లైఫ్ జాకెట్లన్నీ పైకి మోసుకొచ్చి వరసగా పరిచాను.

"అవెందుకు ఇప్పుడు?" అన్నాడాయన.

"ముక్కిన వాసనేస్తున్నాయి. ఎండబెడుతున్నా."

పని అనగానే ఇంకేం అడగలేదు. ఒడ్డుకి వెళ్ళే చిన్న రబ్బరు పడవని దగ్గరికి లాగి, ముడి సరిచూసి, అందరి మధ్యా వెళ్ళి కూర్చున్నాను. చేతుల్ని ఏం చేయాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నాను. సముద్రం చాలా అందంగా ఉంది, నిజమే. ఆకుపచ్చ నీళ్ళు, కదలని గాలి, ఒడ్డున చెట్ల నీడలు. స్నేహితుడు ఏదో జోకు చెబుతున్నాడు. నాకు మాత్రం కిందే వినబడుతోంది. అల్మారాలో సీసా ఒకటి చెక్కకి తగులుతోంది, ఆగుతోంది, తగులుతోంది. పడవ ఊగాక మళ్ళీ లేవడానికి కొంచెం ఆలోచిస్తున్నట్టుంది. లేచి కిందికి పరిగెత్తి తుడిచేయాలని మోకాళ్ళు పీకాయి. రెండుసార్లు లేవబోయి కూర్చున్నాను.

ఎండ వాలాక అత్తగారు శాలువా తెచ్చుకుంటానని కిందికి దిగారు. మెట్ల దగ్గరే ఆగిపోయారు.

"అమ్మాయ్, నా చెప్పులు నడిచొస్తున్నాయేమిటి?"

అందరం వంగి చూశాం. నేల చెక్కల మీద చీలమండ లోతు నీళ్ళు. అత్తగారి చెప్పులు రెండూ తేలుతూ మెట్ల వైపు వస్తున్నాయి. మా ఆయన అందరినీ తోసుకుని దిగాడు, చూశాడు, గిరుక్కున నా వైపు తిరిగాడు.

"రోజూ తోడుతున్నావుగా, ఇవాళ ఎందుకు తోడలేదు?"



"రోజూనా?" అన్నాడు స్నేహితుడు.

"గిన్నెల నీళ్ళన్నావుగా?" అంది అతని భార్య, మా ఆయనతో.

అత్తగారు వంగారు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. ఆవిడకీ నాలాగే ఏళ్ళ తరబడి ఉప్పు చూసిన నాలుక. కొడుకు మొహంలోకి చూశారు.

"నీకు తెలుసట్రా? తెలిసే నన్ను రాత్రికి బయల్దేరదీస్తున్నావా?"

"చిన్న లీకమ్మా. ప్రతి పడవకీ ఉంటుంది," అన్నాడాయన. స్నేహితుడు మోటారు స్విచ్చి వేశాడు. అది ఒకసారి మూలిగి ఆగిపోయింది. మా ఆయన గొంతు పెరిగింది. "చూస్తావేం అలా? మగ్గు తే."

తెచ్చాను. ఆయన చేతిలోనే పెట్టాను.

అత్తగారు తడి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పైకొచ్చారు. కొడుకుని దాటి నా దగ్గరికొచ్చి, "నన్ను ఒడ్డుకి తీసుకెళ్తావా?" అన్నారు. ఆవిడ నన్ను ఏదైనా చెయ్యమనడమే గానీ, చేస్తావా అని అడగడం నాకు గుర్తు లేదు. కూరగాయలకీ మంచినీళ్ళకీ రోజూ ఒడ్డుకి తెడ్డు వేసేది నేనే. ఆడవాళ్ళం ముగ్గురం జాకెట్లు తొడుక్కుని చిన్న పడవలోకి దిగాం. మగవాళ్ళ జాకెట్లు మెట్ల దగ్గర పెట్టి, ఎవరినైనా సాయం పంపిస్తానని చెప్పాను. స్నేహితుడు తలూపాడు. మా ఆయన తలెత్తలేదు.

సగం దూరం వచ్చాక వెనక్కి చూశాను. తెల్ల పడవ ఒంటి మీద, ఎప్పుడూ నీళ్ళకి పైనే ఉండే నీలం గీత నీళ్ళలో మునిగి కనబడటం లేదు. లోపల మగ్గు చెక్కని గీరుతోంది, నీళ్ళు బకెట్లో పడుతున్నాయి, మళ్ళీ గీరుతోంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు చేసిందాన్ని నేనే. ఇంత దూరం వినిపిస్తుందని నాకు తెలీదు.