అన్నం రోజు

దయానందం తెల్లవారకముందే వంటింట్లో నిలబడి కాలీఫ్లవర్ తురుముతున్నాడు. పొయ్యి మీద మూకుడు వేడెక్కుతోంది. మనిషి సన్నం, చేతులు మాత్రం పొడుగు. ఒకప్పుడు వంగితే బనీనులోంచి వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు. ఈ ఏడాదిగా అక్కడ కాస్త కండ పట్టింది. తురుము బియ్యపు గింజల్లా రాలాక మూకుట్లో పోసి, మిరియాల పొడి చల్లి అటూ ఇటూ తిప్పాడు. ఇక్కడివాళ్లు దీన్ని కూడా రైస్ అంటారు. దాని సంగతి తినేవాడికి తెలుసు.

బల్ల దగ్గర సాజిద్ సహరీ, రంజాను ఉపవాసానికి ముందు తినే తిండి, ముగించి ఆఖరి గ్లాసు నీళ్లు తాగుతున్నాడు. ఇక పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. దేశం కాని దేశంలో, వెర్రిబీ అనే శివారులో, ఆ అద్దె ఇంట్లో వాళ్లిద్దరే. దయానందానిది నరసాపురం దగ్గర పల్లె, సాజిద్‌ది హైదరాబాదు. ఇద్దరూ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్నారు. దయానందానికి కంప్యూటర్లు, సాజిద్‌కి ప్రజారోగ్యం. చదువుకంటే పనిగంటలే ఎక్కువ ఇద్దరికీ.

తిండి పద్ధతి సాజిద్‌ది. బరువులెత్తే రోజుకి ముందు రోజు అన్నం, కడుపారా తినాలి. మిగతా రోజుల్లో అన్నం మొహం చూడకూడదు. గుడ్లు, కోడిమాంసం, ఈ తెల్లటి తురుము. తిన్న అన్నం కండల్లో చేరి దాక్కుంటుందనీ, ఇనుము పట్టుకున్నప్పుడు బయటికొస్తుందనీ సాజిద్ చెబుతాడు. పిండి కొద్దీ రొట్టె అని పెద్దలన్న మాటే, ఇతను తూకం వేసి మరీ అంటాడు. దయానందం పుట్టి బుద్ధెరిగాక మూడు పూటలా అన్నమే తిన్నాడు. అది తిన్నాక ఎక్కడికి వెళ్తుందని ఒక్కరోజూ అడగలేదు. ఇప్పుడు అదే ధ్యాస. తొడల్లో దాక్కుంటుందా, వీపులోనా? మర్నాడు బరువుల బార్ పట్టుకుంటే వేళ్ల దాకా ఎలా వస్తుంది? స్నానం చేసేటప్పుడు తన మోచేతిని తానే నొక్కి చూసుకునేవాడు. అమ్మ ఫోన్ చేసి అన్నం తిన్నావా నాన్నా అంటే అబద్ధమాడటం చేతకాక, భోంచేశానమ్మా అని గట్టెక్కేవాడు. అన్నం మానేశాడంటే ఆ తల్లి లెక్కలో ఎవరో పోయినా ఉండాలి, వీడు అలిగైనా ఉండాలి.

ఈ ఏడు క్రైస్తవుల శ్రమదినాలూ రంజానూ ఒకేసారి వచ్చాయి. దాంతో ఆ ఇంటి పొయ్యికి మూడు రకాల ఉపవాసాలు అలవాటయ్యాయి: ఒకటి అల్లా కోసం, ఒకటి ఏసయ్య కోసం, మూడోది ఇనుప కడ్డీ కోసం.

ఈ రోజు శనివారం. దయానందం నూట ఇరవై కేజీలు నేల మీంచి లేపాలి. ఎప్పుడో ఒకప్పుడు కాదు, ఈ పొద్దున్నే. మధ్యాహ్నం సాజిద్ వెళ్లిపోతున్నాడు. క్రాన్‌బర్న్‌లో ఉద్యోగం దొరికింది, ఊరికి ఈ చివర నుంచి ఆ చివర. కళ్లెదుట సాజిద్ ఉండగా ఒక్కసారి లేపాలని దయానందం కోరిక. ఇదేం కోరిక అని ఎవరైనా నవ్వొచ్చు. కానీ ఆ పిల్లాడు నోట్లో నాలుక లేనివాడు. బళ్లో వెనక బెంచీ, ఫొటోల్లో చివరి వరస. వచ్చి రెండేళ్లయినా పనిచేసే షెడ్‌లో సూపర్‌వైజర్‌కి పేరు తెలియదు, మేట్ అని పిలిచి పని కానిస్తాడు. వాడి ముద్దను తూచినవాడు, వాడు ఇవాళ ఎంత ఎత్తాడో రేపు గుర్తుంచుకున్నవాడు సాజిద్ ఒక్కడే.

కాలీఫ్లవర్‌ని డబ్బాలో సర్దుతుంటే దయానందానికి గుండెలో బెరుగ్గా ఉంది. కారణం నిన్నటి సంగతి. అది సాజిద్‌కి చెప్పలేదు.

నిన్న అన్నం రోజు. శుక్రవారం కావడంతో ఉపవాస ప్రార్థన కూడా. పగలంతా పస్తున్నా సాయంత్రం తినెయ్యొచ్చని, సాజిద్ తూచి వండిన అన్నాన్ని పెద్ద డబ్బాలో పెట్టుకుని పక్క శివారు పాయింట్ కుక్‌లో ఆ ప్రార్థన పెట్టే కరోలిన్ ఆంటీ ఇంటికి వెళ్లాడు. ఇక్కడ ఎవరింటికి వెళ్లినా తలా ఒక వంటకం పట్టుకెళ్లడం ఆనవాయితీ. ఆంటీ గుమ్మంలోనే డబ్బా అందుకుని, అబ్బ, బ్యాచిలర్ పిల్లాడివి నువ్వు కూడా తెచ్చావా అని ముచ్చటపడి, చింతపండు పులుసు కలిపి పులిహోర చేసి బల్ల మీద పెట్టేసింది. అది నా ఒక్కడిదే ఆంటీ అనడానికి వీడికి నోరు పెగల్లేదు. ప్రార్థన అయ్యాక అలవాటు ప్రకారం కుర్చీలన్నీ మడిచి గరాజ్‌లో పేర్చి వచ్చేసరికి గిన్నె అడుగున ఆవాలు మిగిలాయి. పిల్లలు బాగా తిన్నారని ఆంటీ మెచ్చుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీడు అడగలేదు. రెండు కోడిముక్కలూ కీరా చక్రాలూ తిని ఇంటికొచ్చాడు. ఉపవాసం పేరుతో పోగొట్టుకున్న ముద్ద గురించి అలిగితే పాపమేమో అన్న అనుమానం ఒకటి పైన.

జిమ్‌లో అప్పటికి నలుగురైదుగురే ఉన్నారు. సాజిద్ ఎండిన పెదాలతో బార్‌కి బరువు చక్రాలు ఎక్కించి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దయానందం అరచేతులకు సుద్ద రాసుకుని బార్ ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు. వంగాడు, పట్టుకున్నాడు, ఊపిరి బిగించాడు. బార్ లేచింది. పిక్కలు దాటింది, మోకాలి చిప్పల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. లోపల ఎక్కడో దాక్కుని ఉండాల్సింది పిలిస్తే పలకలేదు. బార్ ధడేల్మని నేల మీద పడింది. కాసేపు కూర్చుని మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి నేలే వదల్లేదు.

సాజిద్ దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"దయా, నిజం చెప్పు. నిన్న తిన్నవా లేదా?"

దయానందం పులిహోర కథంతా చెప్పాడు. కోప్పడతాడనుకున్నాడు. సాజిద్ వింటూ వింటూ నవ్వాపుకోలేక తల వంచేశాడు. తర్వాత అతని కళ్లలో ఒక వెలుగు వచ్చింది.

"అంటే మన ప్లాన్ తప్పు కాదు. ఖాళీ కడుపుతోని వచ్చినవ్, మోకాలి దాకా తెచ్చినవ్. అన్నం పడితే లేస్తది బ్రో. మండే మళ్ల చూద్దాం."

"మండేకి నువ్వుండవు కదా భాయ్," అన్నాడు దయానందం.

సాజిద్ లేచి ఒక్కో చక్రం విప్పి స్టాండుకు తగిలించాడు. ఆఖరిది తగిలించాక అటు తిరిగే అన్నాడు, "నాకు గూడ చూడాలనే ఉండె."

అక్కణ్ణుంచి దయానందం తిన్నగా పనికి వెళ్లిపోయాడు. ఊరికి దక్షిణాన కూరగాయల తోటల మధ్య రేకుల షెడ్. బెల్టు మీద కాలీఫ్లవర్లు వస్తుంటాయి, పై ఆకులు కోసి, మచ్చలున్నవి పక్కకు తీసి, మిగతావి పెట్టెలో పేర్చాలి. తినేదీ అదే, కోసేదీ అదే. సాజిద్ బాబాయి సయీద్ మధ్యాహ్నం వెనక తొట్టి ఉన్న యూట్ బండి వేసుకుని సామాన్ల కోసం వస్తాడని తెలుసు. ఒక్క గంట సెలవడిగితే సూపర్‌వైజర్ కాదనేవాడు కాదు. నోటి దాకా వచ్చింది. ఆయన వెనకనే వచ్చి, గుడ్ వర్క్ మేట్ అని భుజం తట్టి వెళ్లిపోయాడు. దయానందం కత్తి తీసుకుని ఇంకో పువ్వు అందుకున్నాడు. ఇప్పుడు మంచం ఎక్కిస్తుంటారు, ఇప్పుడు పుస్తకాలు, ఇప్పుడు బండి ఫ్రీవే ఎక్కి ఉంటుంది అనుకుంటూ కోశాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. మనిషి వెళ్లిపోతుంటే కూడా అడగలేని నోరు ఎందుకు?

ఇంటికి చేరేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. సాజిద్ గది తలుపు బార్లా తీసి ఉంది. మంచం ఉన్నచోట తివాచీ మీద నాలుగు కాళ్ల గుంటలు. కిటికీ తెర లేదు. ఇల్లంతా ఉల్లిపాయలు వేగిన వాసన మాత్రం నిలిచి ఉంది.

దయానందం వంటింట్లోకి వచ్చాడు. ఈ రాత్రికి పద్ధతి ప్రకారం గుడ్లే. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నెలు రెండున్నాయి. మూత తీస్తే అన్నం, ఇంకా గోరువెచ్చగా. ఒక మనిషికి పెట్టే అన్నం కాదది, ఇద్దరికి పెట్టేది. రెండోదాంట్లో కోడికూర. అన్నం లేని రోజున సాజిద్ అన్నం వండి వెళ్లాడంటే దాని అర్థం ఒకటే. సోమవారం దాకా ఆగకుండా, రేపు పొద్దున చర్చికి వెళ్లకముందే, బార్ దగ్గరికి వెళ్లమని.

పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నాడు, కానీ తినలేదు. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. క్రాన్‌బర్న్‌లో అతనూ ఇప్పుడు ఖర్జూరం ముందు పెట్టుకుని ఆకాశం కేసి చూస్తూ ఉంటాడు. కిటికీలో వెలుగు ఆరిపోయేదాకా ఆగి, తలవంచి ప్రార్థన చేసుకుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

చప్పగా ఉంది. కూరలో ఉప్పు బొత్తిగా లేదు. ఇంత బాగా వండేవాడు ఉప్పెలా మరిచాడా అని దయానందానికి వింతగా తోచింది. రెండో ముద్ద నమిలేటప్పుడు అర్థమైంది. రోజాలో, ఉపవాసంలో, ఉన్నవాడు నాలుక మీద చుక్క వేసుకుని రుచి చూడడు. ఆకలితో, దాహంతో, వెళ్లే తొందరలో, తాను తినని వంట వండాడు. ఆ ముద్ద నోట్లో ఉండగానే దయానందం ఏడ్చాడు.

లేచి ఉప్పు కోసం చూశాడు. పొయ్యి పక్కనే, తడి తగలకుండా టీ కప్పు బోర్లించిన చిన్న సాసరులో, తెల్లగా, పొడిగా, ఉప్పు పెట్టి ఉంది.